నేల విడిచిన చదువు మాకొద్దు

విశ్వవిద్యాలయాల చదువు గురించి ఇప్పుడు మూడు మాటలు తిరుగుతున్నాయి. ఒకటి, తరగతి గదిలో ఎదురెదురుగా కూర్చుని చదివే చదువు. రెండు, ఫోన్‌లోనో కంప్యూటర్‌లోనో చూసే ఆన్‌లైన్ చదువు. మూడు, రెండింటినీ కలిపామని చెప్పే బ్లెండెడ్ చదువు. సెమినార్లలో ఈ మూడింటినీ పక్కపక్కన పెట్టి పట్టికలు గీస్తున్నారు. ఖర్చు ఎంత, సౌకర్యం ఎంత, మార్కులు ఎంత అని గడులు నింపుతున్నారు. చివరికి ఎక్కువ మంది మూడోదానికే ఓటు వేస్తున్నారు. ఆ పట్టికల్లో ఒక్క గడి మాత్రం మాకు కనబడలేదు. ఆ విద్యార్థి ఎక్కడ కూర్చుని చదువుతాడు? ఈ ప్రశ్నకు గడి లేదు.

మా వాదమంతా ఆ లేని గడి గురించే. ఆదివాసీ విద్యార్థికి విశ్వవిద్యాలయం అంటే ముందుగా ఒక చోటు. రెండు పూటలా అన్నం దొరికే చోటు, రాత్రి పది దాకా లైటు వెలిగే చోటు, పుస్తకాలుండే చోటు, చేను పిలవని చోటు. ఆ చోటు తీసేసి పాఠం మాత్రం పంపుతామనేవాళ్లు చదువు చెప్పినట్టు రికార్డు రాసుకుంటారు. అంతకంటే ఏమీ జరగదు.

మేము ఉట్నూరు ఏజెన్సీలో బడిపంతుళ్లం. డి.ఎడ్. చదివి, గూడేల్లో గోండు, కోలాం, పర్ధాన్, తోటి పిల్లల చేత అక్షరాలు దిద్దించేవాళ్లం. ఐదో తరగతి దాకా చెప్పేవాళ్లకు యూనివర్సిటీ సంగతెందుకని కొందరు అడుగుతారు. ఎందుకంటే మా పిల్లలు డిగ్రీకి పోయేది మా చేతుల మీదుగానే. 2016 నుంచి తెలంగాణలో డిగ్రీ సీటు కావాలంటే దోస్త్ వెబ్‌సైట్‌లో దరఖాస్తు పెట్టాలి. గూడెంలో తల్లిదండ్రులకు దోస్త్ అంటే స్నేహితుడనే తెలుసు. ఆ దరఖాస్తు నింపేది మేము, ఓటీపీ కోసం ఫోన్ పట్టుకుని గుట్టెక్కేది మేము, సీటు వచ్చిన కాలేజీ ఎక్కడుందో ఇంటికి పోయి చెప్పేది మేము, చదువు మానేసి తిరిగొచ్చిన పిల్లవాడిని ఎందుకొచ్చావురా అని అడిగేదీ మేమే. కాబట్టి ఈ సంగతి మాకు బాగానే తెలుసు.

హాస్టల్ తలుపు మూస్తే

2020 మార్చిలో కాలేజీలు మూశారు. హాస్టళ్లు కూడా మూశారు. అది మహమ్మారి కాలం, మూయక తప్పలేదు. దాని మీద మాకు పేచీ లేదు. మా పేచీ ఆ తర్వాతి మాట మీద. ఆన్‌లైన్ క్లాసులు మొదలుకాగానే, చదువు ఆగలేదు, నడుస్తూనే ఉంది అన్నారు. ఎవరి చదువు నడిచింది?

పిల్లలు ఇళ్లకు వచ్చిన నెల ఏదో చూడండి. మార్చి, ఏప్రిల్ నెలలు ఇప్పపువ్వు ఏరే కాలం. మే వస్తే తునికాకు కోత. జూన్‌లో విత్తనాలు. దసరా దాటితే పత్తి ఏరడం. మా ఇళ్లలో పని లేని నెల ఉండదు. ఇంట్లో ఉన్న పిల్లవాడు పనికి అందివచ్చిన చెయ్యి. పొద్దున పదింటికి ఫోన్ ముందు కూర్చుంటానంటే తండ్రి ఏమంటాడు? కొట్టడు, తిట్టడు. "ఆ సాలు అయిపోయినంక చూస్తువులే" అంటాడు. ఆ తండ్రిని తప్పుపట్టే హక్కు ఎవరికీ లేదు. చేను ఆగితే ఆ ఏడాది తిండి ఆగుతుంది. హాస్టల్ చేసే మేలు అక్కడే ఉంది. అది పిల్లవాడిని చేనుకు అందనంత దూరంలో పెడుతుంది. ఆ దూరమే మా పిల్లల చదువుకు పెట్టుబడి.

ఆడపిల్లల సంగతి ఇంకా కష్టం. హాస్టల్‌లో ఉన్నంత కాలం "మా బిడ్డ చదువుతోంది" అనే మాటకు ఊళ్లో బలం ఉంటుంది. సంబంధం తెచ్చినవాళ్లకు అదే జవాబు. బిడ్డ ఇంట్లో కళ్లెదుట తిరుగుతూ, నీళ్లు మోస్తూ, తమ్ముణ్ణి ఎత్తుకుంటూ ఉంటే ఆ జవాబు చెల్లదు. చదువు ఫోన్‌లో ఉందంటే పెద్దమనుషులు నమ్మరు. అలా డిగ్రీ రెండో ఏడాదిలో పెళ్లి పీటలెక్కిన అమ్మాయిలు మాకు తెలుసు. ఆ కాలేజీ రిజిస్టర్లలో వాళ్ల గీత మీద "ఆన్‌లైన్ క్లాసులకు హాజరు కాలేదు" అన్న మాట మాత్రమే మిగిలింది.

క్లాసును ఫోన్‌లో పెట్టగలిగారు. అన్నాన్ని ఫోన్‌లో పెట్టలేరు కదా. లైబ్రరీ బల్లనూ, అర్థం కాకపోతే పక్క మంచం మీది సీనియర్‌ను అడిగే వీలునూ పెట్టలేరు. ఇవన్నీ చదువులో భాగాలు కావన్నట్టు లెక్క వేస్తేనే ఆన్‌లైన్ చదువు చవకగా కనబడుతుంది. ఆ ఖర్చు ఎక్కడికీ పోలేదు. సర్కారు పద్దులోంచి మా ఇళ్ల మీదికి మారింది, అంతే.

ముందు నిర్ణయం, తర్వాత టవర్

ఇప్పుడు తేదీలు వరుసగా పెట్టి చూద్దాం. 2020 జులైలో యూజీసీ చివరి సంవత్సరం పరీక్షల గురించి మార్గదర్శకాలు ఇచ్చింది. ఆఫ్‌లైన్‌లోనైనా, ఆన్‌లైన్‌లోనైనా, రెండూ కలిపైనా పెట్టుకోవచ్చని అందులో రాసింది. అదే నెలాఖరులో కొత్త జాతీయ విద్యా విధానానికి కేంద్ర మంత్రివర్గం ఆమోదం తెలిపింది. 2021 మేలో యూజీసీ బ్లెండెడ్ బోధన మీద ఒక పత్రం విడుదల చేసింది. ఏ కోర్సులోనైనా 40 శాతం దాకా ఆన్‌లైన్‌లో, మిగతా 60 శాతం తరగతిలో చెప్పవచ్చని ప్రతిపాదించింది. ఇది దేశంలోని అన్ని విశ్వవిద్యాలయాలకూ చెప్పిన మాట.

ఆ తర్వాత 2022 జులైలో కేంద్ర మంత్రివర్గం ఇంకో నిర్ణయం చేసింది. దేశంలో 4జీ అందని 24,680 గ్రామాలున్నాయనీ, వాటికి టవర్లు వేయడానికి 26,316 కోట్ల రూపాయలు పెడుతున్నామనీ ప్రకటించింది. టవర్లు వేస్తామన్నందుకు సంతోషమే. కానీ ఆ లెక్క చెప్పేదేమిటి? ఆన్‌లైన్ చదువు పాఠాలు చెప్పినప్పుడు ఈ ఊళ్లకు సిగ్నల్ లేదని సర్కారే ఒప్పుకుంటోంది. ఆ ఊళ్లు ఎవరివో వేరే చెప్పాలా? అడవుల్లోనూ కొండల మీదా ఉండేది ఎవరు? పందిరి వేయకముందే తీగను పాకమన్నారు. పాకకపోతే తీగదే తప్పన్నారు.

సిగ్నల్ ఒక్కటి వస్తే చాలదు. 2017-18లో జరిగిన జాతీయ నమూనా సర్వే ప్రకారం పల్లెల్లో కంప్యూటర్ ఉన్న ఇళ్లు నూటికి నాలుగు. ఇంటర్నెట్ సౌకర్యం ఉన్న ఇళ్లు నూటికి పదిహేను. పట్టణాల్లో అవే లెక్కలు ఇరవై మూడు, నలభై రెండు. మహమ్మారి వచ్చేనాటికి దేశం చేతిలో ఉన్న లెక్క ఇదే. ఆ తర్వాత ఫోన్లు పెరిగాయి, నిజమే. మా గూడేల్లోనూ ఇంటికొక ఫోన్ కనబడుతుంది. అది ఇంటికి ఒకటి. తండ్రి సంతకు పోతే ఫోనూ సంతకు పోతుంది. ఇంట్లో డిగ్రీ పిల్లలు ఇద్దరుంటే ఒకరి క్లాసు ఇంకొకరు మింగాలి. వీడియో క్లాసుకు గంటకు ఐదారు వందల ఎంబీ తేలిగ్గా పోతుంది. రోజుకు ఒకటిన్నర జీబీ ప్యాకేజీ వేయించుకున్న పిల్లవాడికి మూడో క్లాసుకే చక్రం తిరగడం మొదలవుతుంది. ఆరు అంగుళాల తెర మీద అకౌంట్స్ పట్టిక గానీ, రసాయన శాస్త్ర సమీకరణం గానీ చూసి నేర్చుకోమనేవాళ్లు ముందు తాము ఒక సెమిస్టరు అలా చదివి చూపించాలి.

పరిశోధన సగం చదివేవాళ్లు

బ్లెండెడ్ చదువే మేలని పరిశోధనలు తేల్చాయంటారు. ఎక్కువగా చూపించేది అమెరికా విద్యాశాఖ 2009లో చేయించిన సమీక్ష. అనేక అధ్యయనాలను కలిపి చూసిన ఆ సమీక్షలో, రెండూ కలిపి చెప్పిన చోట ఫలితాలు కొంత మెరుగ్గా ఉన్నట్టు తేలిన మాట నిజం. కానీ అదే సమీక్ష ఇంకో మాట కూడా చెప్పింది. అలా కలిపి చెప్పిన చోట విద్యార్థులకు అదనపు సమయం, అదనపు బోధన కూడా దొరికాయి, కాబట్టి మెరుగుదలను ఆన్‌లైన్ ఖాతాలో వేయకూడదని హెచ్చరించింది. అంటే మామూలు క్లాసు ఉంచి, దాని మీద ఇంకొంత ఇచ్చిన చోట మేలు జరిగింది. మన దగ్గర చేస్తున్నదేమిటి? వంద పాళ్ల క్లాసులో నలభై పాళ్లు తీసేసి, ఆ ఖాళీలో వీడియో పెట్టి, దానికీ అదే పేరు పెడుతున్నారు. చేర్చడం వేరు, తీసేయడం వేరు. ఈ తేడా మా మూడో తరగతి పిల్లలు కూడికలూ తీసివేతలూ నేర్చుకున్న రోజునే చెబుతారు.

అమెరికాలోనే వాషింగ్టన్ రాష్ట్రంలో ఇంకో పెద్ద అధ్యయనం జరిగింది. అక్కడి కమ్యూనిటీ కాలేజీల్లో చదివిన 40 వేలకు పైగా విద్యార్థులు తీసుకున్న దాదాపు 5 లక్షల కోర్సుల రికార్డులను ఇద్దరు పరిశోధకులు పరిశీలించి 2014లో ప్రచురించారు. ఆన్‌లైన్ కోర్సుల్లో అన్ని రకాల విద్యార్థులూ కొంత వెనకబడ్డారు. నల్లజాతి విద్యార్థులు, అంతకుముందే తక్కువ మార్కులున్నవాళ్లు మరింత వెనకబడ్డారు. ఎదురెదురుగా చదివేటప్పుడు ఉన్న తేడా ఆన్‌లైన్‌కు వచ్చేసరికి పెద్దదైంది. కరెంటు, నెట్, కంప్యూటర్ మనకంటే ఎన్నో రెట్లు ఉన్న దేశంలో జరిగిన సంగతి ఇది. వెనక నెట్టబడినవాళ్లను తెర ఇంకా వెనక్కి నెట్టింది. ఈ రెండో అధ్యయనం గురించి మా దగ్గర మాట్లాడినవాళ్లు ఒక్కరూ లేరు.

ముఖం చూడని పాఠం

మా డి.ఎడ్. శిక్షణలో మొదట నేర్పిన సూత్రం, తెలిసిన దాని నుంచి తెలియని దానికి పోవాలని. పిల్లవాడికి ఏం తెలుసో ఎలా తెలుస్తుంది? ముఖం చూస్తే తెలుస్తుంది. కళ్లు కిందికి వాలితే పాఠం దాటిపోయిందని అర్థం. అప్పుడు ఆగి, ఉదాహరణ మార్చి, ఇంకోసారి చెప్పాలి. మనలో పర్ధాన్ కిక్రి పట్టుకుని మన దేవతల కథ ఎత్తుకున్నా, ముసలవ్వ రాత్రి పూట కథ చెప్పినా, ఎదురుగా వినేవాళ్లుండాలి, ఊఁ కొట్టేవాళ్లుండాలి. ఊఁ ఆగితే చెప్పేవాళ్లు ఆగుతారు. ఆన్‌లైన్ క్లాసులో అందరి కెమెరాలూ మూసి ఉంటాయి, డేటా మిగలాలి కదా. అందరి మైకులూ మూసి ఉంటాయి. లెక్చరర్ నల్లని గడులకు పాఠం చెబుతాడు. ఆ గడుల వెనక ఎవరున్నారో, ఎవరు చేనుకు పోయారో ఆయనకు తెలియదు.

మైదానం పిల్లలకు ఇది ఒక ఇబ్బంది. మా పిల్లలకు మూడు ఇబ్బందులు. ఇంట్లో గోండి లేదా కోలామి. బడిలో తెలుగు. డిగ్రీకి పోయేసరికి ఇంగ్లీషు. రెండు వాగులు దాటి వచ్చిన పిల్లవాడు మూడో వాగు దగ్గర నిలబడి ఉంటాడు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2000 దశకం మొదట్లో గోండి, కోయ, కోలామి, సవర, కువి, కొండ, బంజారా, ఆదివాసీ ఒరియా అని ఎనిమిది భాషల్లో చిన్న తరగతులకు మాతృభాషా బోధన మొదలుపెట్టింది ఎందుకు? భాష తెలిసిన మనిషి ఎదురుగా ఉంటే తప్ప పిల్లవాడు ఆ వాగు దాటలేడని తెలిసే కదా. డిగ్రీకి వచ్చాక ఆ అవసరం తీరిపోదు. క్లాసు అయిన తర్వాత వరండాలో "సార్, ఆ మాట మళ్లీ చెప్పండి" అని అడగగలిగిన పిల్లవాడు నెగ్గుకొస్తాడు. వందమంది వింటున్న గ్రూపులో తప్పు ఇంగ్లీషులో ప్రశ్న టైపు చేయమంటే మావాడు చేయడు. సిగ్గు. ఆ సిగ్గు వాడిది కాదు, తరతరాలుగా వాడిని నవ్వినవాళ్లది.

ఇంకా కొన్ని చదువులు చేతితో నేర్చుకోవాల్సినవి. నర్సింగ్ పిల్ల ఇంజక్షన్ ఇవ్వడం వీడియో చూసి నేర్చుకుంటే ఆ చెయ్యి కింద పడుకునేది ఎవరు? బీఎస్సీ పిల్లవాడు బ్యూరెట్ పట్టకుండా ల్యాబ్ మార్కులు తెచ్చుకుంటే వాటి విలువెంత? మా వృత్తి సంగతే చెబుతాం. ఆ రెండేళ్లలో టీచర్ శిక్షణ పూర్తిచేసి మా బడులకు వచ్చిన వాళ్లలో కొందరు అంతకుముందు పిల్లల ముందు నిలబడి చాక్‌పీస్ పట్టినవాళ్లు కారు. తెలివైనవాళ్లే. ఒకటో తరగతి పిల్లవాడు ఏడిస్తే ఏం చేయాలో వాళ్లకు ఎవరూ చూపించలేదు.

మేము దేనికి వ్యతిరేకం కాదు

మీరు కొత్తదానికి అడ్డం పడుతున్నారని మమ్మల్ని అంటారు. కాదు. 2018లో గుంజాల గోండి లిపి యూనికోడ్‌లో చేరింది. మా జిల్లాలోని గుంజాల అనే చిన్న ఊరి పెద్దలు కాపాడిన పాత చేతిరాతల లిపి ఇవాళ ఫోన్‌లోకి ఎక్కే దారి దొరికింది. దానికి సంతోషపడినవాళ్లం మేము. పాఠం వీడియోలో ఉంటే ఆపి, వెనక్కి తిప్పి, నాలుగుసార్లు వినవచ్చు. పోటీ పరీక్షలకు చదివే మా యువకులకు అది బాగా ఉపయోగపడుతోంది. పెళ్లయి పిల్లలున్న ఆడవాళ్లకూ, ఉద్యోగం చేస్తూ చదివేవాళ్లకూ దూరం నుంచి చదివే దారి ఉండాలి.

ఆ దారి కొత్తదీ కాదు. 1982లో హైదరాబాద్‌లో దేశంలోనే మొదటి సార్వత్రిక విశ్వవిద్యాలయం పుట్టింది. ఇప్పుడు దాని పేరు డాక్టర్ బి.ఆర్. అంబేద్కర్ సార్వత్రిక విశ్వవిద్యాలయం. ఇంటర్ దాటనివాళ్లకు కూడా అర్హత పరీక్ష పెట్టి డిగ్రీలో చేర్చుకుంది. తెలుగులో అచ్చయిన పుస్తకాలు చేతికిచ్చింది. ఊరికి దగ్గరి పట్టణంలో స్టడీ సెంటర్ పెట్టి, సెలవు రోజున లెక్చరర్‌ను కూర్చోబెట్టి క్లాసులు చెప్పించింది. చిన్న ఉద్యోగాల్లో ఉన్న ఆదివాసీలు ఎందరో ఆ పుస్తకాలతోనే పట్టభద్రులయ్యారు. అసలైన బ్లెండెడ్ చదువు అది. అందులో పుస్తకం ఉంది, సెంటర్ ఉంది, మనిషి ఉన్నాడు. కరెంటు పోయినా పుస్తకం ఆరిపోలేదు. పైగా దాన్ని ఎంచుకున్నది చదివేవాళ్లు. ఇవాళ్టి బ్లెండెడ్ చదువులో ఎంపిక విద్యార్థిది కాదు, సంస్థది. హాస్టల్ సీటుతో రెగ్యులర్ కాలేజీలో చేరిన పిల్లవాడిని సగం దూరవిద్యలోకి తోసి, అది ఆధునికం అంటున్నారు.

కలపాలంటే రెండూ ఉండాలి. జొన్న రవ్వ లేకుండా ఎసరు ఎంతసేపు మరిగించినా గట్క కాదు.

ఖాళీ కుర్చీలో తెర

ఇక అసలు భయం చెబుతాం. ఏజెన్సీలోని డిగ్రీ కాలేజీల్లో లెక్చరర్ పోస్టులు ఖాళీగా ఉండటం ఈనాటిది కాదు. గెస్ట్ లెక్చరర్లతో, కాంట్రాక్టు లెక్చరర్లతో నెట్టుకొస్తున్నారు. పోస్టు నింపమని అడిగినప్పుడల్లా డబ్బు లేదనో, కేసు ఉందనో, నోటిఫికేషన్ రావాలనో చెప్పేవారు. ఇప్పుడు కొత్త జవాబు దొరికింది: "ఆ సబ్జెక్టు ఆన్‌లైన్‌లో చెప్పిస్తాం." పట్నంలో ఒకాయన చెప్పిన పాఠాన్ని వంద కాలేజీలకు పంపితే తొంభై తొమ్మిది మంది జీతం మిగులుతుంది. మిగిలిన ఆ డబ్బు మా హాస్టళ్లకు రాదని మాకు అనుభవమే చెప్పింది.

ఇదే 2020లో జరిగిన ఇంకో సంగతి మరవకండి. షెడ్యూల్డ్ ప్రాంతాల బడుల్లో టీచర్ పోస్టులన్నీ స్థానిక ఆదివాసీలకే అని 2000 జనవరిలో ఇచ్చిన జీవో నెంబర్ 3ని సుప్రీంకోర్టు 2020 ఏప్రిల్ 22న కొట్టేసింది. దేశమంతా తలుపులు మూసుకుని ఉన్న నెలలో మా మీద ఆ పిడుగు పడింది. మా భాష తెలిసిన టీచర్ మా బడిలో ఉండాలన్న హామీ పోయింది. కింద బడిలో మా మనిషి లేకుండా పోతాడు, పైన కాలేజీలో అసలు మనిషే లేకుండా పోతాడు. ఈ రెండింటినీ కలిపి చూడకపోతే మోసపోతాం.

గిరిజన విశ్వవిద్యాలయాల కథ చూడండి. 2014 రాష్ట్ర పునర్విభజన చట్టంలో రెండు రాష్ట్రాలకూ చెరొక గిరిజన విశ్వవిద్యాలయం రాసిచ్చారు. ఆంధ్రప్రదేశ్‌లో అది 2019లో విజయనగరంలో తాత్కాలిక భవనాల్లో మొదలైంది. తెలంగాణలో ములుగుకు ఇవ్వాల్సిన సమ్మక్క సారక్క విశ్వవిద్యాలయానికి చట్టం 2023 డిసెంబరులో వచ్చింది. రాసిచ్చిన మాట చట్టం కావడానికి తొమ్మిదేళ్లు. మాకు గోడలు కట్టడానికి ఇన్నేళ్లు తీసుకునేవాళ్లకు లింకు పంపడానికి తొమ్మిది నిమిషాలు చాలు. ఏది ముందు ఇస్తారో మీరే ఊహించండి.

నిజాం కాలపు సంగతి ఒకటి గుర్తు చేస్తాం. జోడేఘాట్‌లో కుమ్రం భీం నేలకొరిగిన తర్వాత ఆ సర్కారు హైమన్‌డార్ఫ్‌ను మా ప్రాంతానికి పంపింది. 1943లో మార్లవాయిలో గోండు యువకులను టీచర్లుగా తయారుచేసే శిక్షణ కేంద్రం మొదలైంది. గోండిలో వాచకాలు తయారయ్యాయి. ఆ సర్కారును మేము పొగడటం లేదు, భీం రక్తం చిందితే తప్ప దానికి మా బాధ వినబడలేదు. అయినా చదువు ఇవ్వాలంటే అడవిలోకి రావాలి, చోటు చూపాలి, ఆ మనుషుల్లోంచే పంతులును తీయాలి అన్న సంగతి దానికి తెలిసింది. ఎనభై ఏళ్ల తర్వాత మన సొంత ప్రభుత్వాలు మమ్మల్నే గుట్టెక్కి సిగ్నల్ వెతుక్కోమంటున్నాయి.

పెరిగిన లెక్క, తరిగిన గొంతు

ఆదివాసీ విద్యార్థులు ఉన్నత విద్యలో పెరుగుతున్నారు కదా అని అధికారులు లెక్క చూపిస్తారు. నిజమే. కేంద్ర విద్యాశాఖ సర్వే ప్రకారం ఉన్నత విద్యలో చేరే వయసున్నవారిలో నమోదు 2020-21లో ఎస్టీలకు 18.9 శాతం, 2021-22లో 21.2 శాతం. అందరికీ కలిపితే 27.3, 28.4 శాతం. పెరిగినందుకు సంతోషం. ఇంకా వెనకే ఉన్నామన్నది కూడా ఆ లెక్కలోనే ఉంది. కానీ నమోదు అంటే రిజిస్టరులో పేరు. ఆ పేరు గల పిల్లవాడు క్లాసులో కూర్చున్నాడా, మూడేళ్లు పూర్తి చేశాడా, చదివింది వచ్చిందా అన్నది ఆ అంకె చెప్పదు. ఆన్‌లైన్ చదువులో పేరు నిలబెట్టడం చాలా తేలిక. మనిషిని నిలబెట్టడమే కష్టం.

తరగతి గది స్వర్గమని మేము అనడం లేదు. పట్నం హాస్టళ్లలో మా పిల్లల యాసను వెక్కిరించినవాళ్లున్నారు, కోటా సీటని మొహం మీద అన్నవాళ్లున్నారు. పురుగుల అన్నం తిన్నారు. అయినా అక్కడ పది మంది ఉంటారు. అన్నం బాగా లేకపోతే పళ్లేలు పట్టుకుని గేటు ముందు కూర్చుంటారు. స్కాలర్‌షిప్ రాకపోతే జెండా పట్టుకుని ఐటీడీఏ ఆఫీసుకు పోతారు. మన సంఘాల్లో ఇవాళ మాట్లాడుతున్నవాళ్లు, ఇలాంటి పుస్తకాల్లో రాస్తున్నవాళ్లు ఎక్కడ తయారయ్యారు? హాస్టల్ వరండాల్లోనే. గూడెంలో ఒంటరిగా ఫోన్ ముందు కూర్చున్న పిల్లవాడు ఎవరితో కలిసి అడుగుతాడు? ఆ తెర మీద వాడి గొంతును నొక్కే మీట పాఠం చెప్పేవాళ్ల చేతిలో ఉంది.

మా డిమాండ్లు

అందుకే మేము అడుగుతున్నాం. ఇవి దయ కోసం చేసే విన్నపాలు కావు.

ఒకటి. షెడ్యూల్డ్ ప్రాంతాల విద్యార్థులకు పూర్తి తరగతి చదువు హక్కుగా ఉండాలి. ఆన్‌లైన్ భాగం తీసుకోవాలా వద్దా అన్నది విద్యార్థి ఇష్టం కావాలి.

రెండు. కోర్సు నడిచే ప్రతి రోజూ హాస్టల్ తెరిచి ఉండాలి. పాఠం ఆన్‌లైన్‌లో ఉందన్న సాకుతో హాస్టల్ మూయడం, మెస్ ఛార్జీలు ఆపడం నేరంగా చూడాలి.

మూడు. తెరను లెక్చరర్‌గా లెక్కపెట్టకూడదు. ఏజెన్సీ కాలేజీల ఖాళీ పోస్టులు నింపిన తర్వాతే అదనంగా వీడియో పాఠాల మాట ఎత్తాలి.

నాలుగు. పంపే ప్రతి పాఠం ఒకసారి దించుకుని నెట్ లేకుండా చూసుకునేలా ఉండాలి. దాని సారాంశం తెలుగులో అచ్చు పుస్తకంగా చేతికి అందాలి.

ఐదు. ప్రతి ఏజెన్సీ మండలంలో ఒక చదువు కేంద్రం పెట్టాలి. కరెంటు, నెట్, కంప్యూటర్లు, పుస్తకాలు ఉండాలి. ఆ ప్రాంత భాష తెలిసిన ఆదివాసీ పట్టభద్రుణ్ణి జీతమిచ్చి అక్కడ కూర్చోబెట్టాలి. అప్పుడు దాన్ని బ్లెండెడ్ అనండి, మేమూ అంటాం.

ఆరు. స్కాలర్‌షిప్‌కు 75 శాతం హాజరు కావాలన్న నిబంధనను సిగ్నల్ లేని ఊరి పిల్లల మీద యాప్ లెక్కతో రుద్దకూడదు. టవర్ చేసిన తప్పుకు పిల్లవాడి ఫీజు ఆగకూడదు.

ఏడు. మా ప్రాంతపు కాలేజీల్లో బోధన పద్ధతి మార్చేముందు గ్రామసభల్లో అడగాలి, గిరిజన సలహా మండలిలో చర్చించాలి. ఐదో షెడ్యూల్ భూమికి మాత్రమే కాదు, మా పిల్లల బతుకుకు కూడా వర్తించాలి.

మిత్రులారా, రేపు మీ ఊరి కాలేజీకి కూడా ఈ మాట వస్తుంది. తియ్యగా వస్తుంది. ఇంటి దగ్గరే చదువు, ఖర్చు లేదు, ప్రయాణం లేదు అంటుంది. రాయి సెంటర్ కూర్చున్నప్పుడు, విద్యార్థి సంఘాలు కూడినప్పుడు, అమ్మానాన్నలు సంతలో కలిసినప్పుడు ఒక్క ప్రశ్న అడగండి: నా బిడ్డ ఎక్కడ కూర్చుని చదవాలి? ఆ చోటు చూపించినవాళ్లతో మిగతా మాటలు మాట్లాడదాం. చూపించలేనివాళ్లకు తెలుగులో ఒక సామెత ఉంది, నేల విడిచి సాము చేయవద్దని. మా నేల మీద మా బిడ్డలను నిలబెట్టి చదువు చెప్పండి. ఆ తర్వాత ఆకాశం నుంచి ఏ సిగ్నల్ వచ్చినా అందుకోవడం వాళ్లకు చేతనవుతుంది.